పరిచయాల పాఠం

వేట నిషేధం మొదలైన వారానికి మా ఊళ్లో మగాళ్లకి చేతులు ఊరికే ఉంటాయి. భావనపాడు ఒడ్డున పడవలన్నీ ఇసక మీదికి ఎక్కించి, తాటాకులు కప్పేస్తారు. జూన్ నడిమికి గాని మళ్లీ నీళ్లలో దించరు. వలలు బాగుచేసుకోవడం, పేకాట, నిద్ర. ఆ ఏడు నేను టెక్కలిలో పనిచేసే ప్రైవేటు స్కూలుకి వేసవి సెలవులిచ్చారు. పోర్టు పనులు మొదలయ్యాయని, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాళ్లకి అక్కడ ఉద్యోగాలుంటాయని ఊరంతా అనుకుంటున్న రోజులు. "హేమా, నువ్వు సదువుకున్నావు కదా, మాకూ సెప్పొచ్చు కదా" అని నలుగురూ అడిగితే తుఫాను షెల్టర్ మేడ మీద క్లాసు పెట్టాను.

ఈశ్వరి వదిన కూడా వస్తానంది. మా అమ్మ బుల్లమ్మ ఎండుచేపల గంప సర్దుకుంటూ విని నవ్వింది.

"ఎల్లు, ఎల్లు. ఇంట్ల కూకుని ఏటి సేస్తావు? ఆడొచ్చినాక ఇంగ్లీసుల మాటాడి భయపెట్టు."

ఆడు అంటే మా అన్న బాబీ. అంతకు ముందటేడు కార్తీకంలో వాయుగుండం పట్టినప్పుడు వేటకెళ్లి తిరిగి రాలేదు. పడవలో ఇద్దరున్నారు, అన్నా ధర్మేంద్రా. ధర్మేంద్రని ఒడిశా వైపు వాళ్ల బోటు ఒకటి పైకి లాగింది. చీకట్లో కెరటం కొట్టిందని, ఆ తరవాత బాబీని చూడలేదని చెప్పాడు. శవం దొరకలేదు. మా తీరంలో పడవలు కొట్టుకుపోయి బంగ్లాదేశ్ నీళ్లలో దొరికిపోయి, జైల్లో ఉండి వచ్చినవాళ్లు ఉన్నారు. ఇక అమ్మకి అది చాలింది. అంపోలు దగ్గర సోది చెప్పే ఒకామె "ఈశాన్యం దిక్కున పేనంతో ఉన్నాడు" అంటే, బంగ్లాదేశ్ ఈశాన్యమే కదా అని నా చేత ఫోన్లో మ్యాపు తీయించి మరీ చూసింది. వదిన బొట్టూ గాజులూ అలాగే ఉన్నాయి. పండక్కి అన్నకి చొక్కా కొనడం అమ్మ మానలేదు.

ఆ తరవాత ధర్మేంద్ర మా గుమ్మం తొక్కలేదు. ఎదురుపడితే తల దించుకుని వెళ్లిపోయేవాడు. అతను నాకు బావ వరస. ఆ మాఘంలో నాకూ అతనికీ ముడిపెట్టాలని పెద్దవాళ్లు అనుకున్న మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఎవరూ వద్దనలేదు కూడా.

అందుకే మొదటి రోజు షెల్టర్ మెట్లెక్కి అతను లోపలికి రావడం చూసి నా చేతిలోంచి సుద్దముక్క జారింది. వెనక గోడ వారగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాశాను. మై నేమ్ ఈజ్. ఐ యామ్ ఫ్రమ్. ఐ యామ్ ఎ. అందరి చేతా మూడేసి సార్లు అనిపించాను. ముందు వరసలో కూర్చున్న అసిరయ్య తాత చెయ్యెత్తాడు.

"ఏటమ్మా, నా పేరు ఈళ్లందరికీ తెల్సు కదా. మళ్లీ సెప్పడమేటి?"

"కొత్తోళ్లకి చెప్పడానికి తాతా."

"ఇక్కడ కొత్తోలెవులు?"

అందరూ నవ్వారు. నిజమే. అక్కడున్న వాళ్లంతా ఒకరి పెళ్లిలో ఒకరు వడ్డించినవాళ్లు. నేను పుస్తకంలో ఉన్న పద్ధతి మార్చి, "సరే, మీ గురించి మీరు చెప్పకండి. పక్కవాళ్లని మాకు పరిచయం చెయ్యండి. ముందు వాళ్లనడగండి, తరవాత లేచి చెప్పండి" అన్నాను. ఇద్దరిద్దరుగా విడదీశాను. ఆడవాళ్లకి ఆడవాళ్లు సరిపోగా వదిన ఒక్కతే మిగిలింది. మగాళ్లలో ధర్మేంద్ర మిగిలాడు.

మార్చేద్దామా అనుకున్నాను. ఈలోపే వదిన తన కుర్చీ అతని వైపు తిప్పేసింది.

కాసేపు షెల్టర్ అంతా గోల. అసిరయ్య తాత తన పక్కన ఉన్న కూర్మయ్యని పరిచయం చేస్తూ "దిస్ ఈజ్ కూర్మయ్య. హీ ఈజ్ ఎ పేకాట" అన్నాడు. కూర్మయ్య లేచి తాతని చూపించి "హీ ఈజ్ ఓల్డ్. వెరీ ఓల్డ్" అని కూర్చున్నాడు. చాలా రోజుల తరవాత మా వదిన పైట అడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆమె వంతు వచ్చింది. లేచి, బోర్డు వైపు చూస్తూ, "దిస్ ఈజ్ ధర్మేంద్ర. హీ ఈజ్ ఎ ఫిషర్‌మేన్. హీ ఈజ్ ఫ్రమ్ భావనపాడు" అంది. తప్పు లేకుండా చెప్పినందుకు చప్పట్లు కొట్టించాను.

ధర్మేంద్ర లేచాడు. పదో తరగతి వరకూ మా అన్న పక్క బెంచీలో కూర్చున్నవాడు. ఇంగ్లీషు బాగా వచ్చేది. "దిస్ ఈజ్ ఈశ్వరి. షి ఈజ్ ఫ్రమ్ భావనపాడు." ఆగాడు. ఒకటి రెండు వాక్యాలు కుటుంబం గురించి కూడా చెప్పమని నేనే ముందుగా అందరికీ చెప్పి ఉన్నాను. "హర్ హస్బెండ్ వాజ్ మై ఫ్రెండ్" అన్నాడు.

పొద్దుట్నుంచీ ఈజ్‌లూ వాజ్‌లూ కలిపేస్తున్నవాళ్లని దిద్దుతూనే ఉన్నాను. ఆ అలవాటు మీద మాట వచ్చేసింది.

"వాజ్ కాదు, ఈజ్. మళ్లీ చెప్పు."

అతను నా వైపు చూశాడు. "హర్ హస్బెండ్ ఈజ్ మై ఫ్రెండ్" అన్నాడు బుద్ధిగా. కూర్చున్నాడు.

నేను తరవాతి జంట వైపు తిరిగిపోయాను. మన మాటల్లో అయితే బాబీ నా దోస్తు అంటే సరిపోతుంది. ఉన్నాడనీ చెప్పనక్కర్లేదు, లేడనీ చెప్పనక్కర్లేదు. అన్నాళ్లూ అతను ఆ మాట అలాగే తేల్చకుండా లాక్కొచ్చాడనీ, ఇంగ్లీషులో దొరికిపోయాడనీ అప్పుడు నాకు తట్టలేదు. వదినకి తట్టింది. క్లాసు అయిపోయే వరకూ ఆమె కుర్చీ ఇటు తిప్పుకోలేదు.

మర్నాడు ఇద్దరూ రాలేదు.

మధ్యాహ్నం ఇంటికి వెళుతుంటే వదిన ఒడ్డు వైపు నడవడం చూసి వెనకాల వెళ్లాను. ధర్మేంద్ర తాటాకు పాకలో కూర్చుని వల అల్లుతున్నాడు. వదిన ఎదురుగా ఇసకలో కూర్చుంది.

"వాజ్ అన్నావు" అంది.

"తప్పొచ్చింది అక్కా. హేమ దిద్దినాది కదా."

"నువ్వు ఇంగ్లీసుల ఫస్టొచ్చేవోడివంట. ఆయన సెప్పేవోరు." అతని వల అంచు పట్టుకుని ఆపింది. "సూసినావా?"

అతను వల ఒళ్లోంచి తీసి పక్కన పెట్టాడు. నేను పాక గుంజ పట్టుకుని నిలబడిపోయాను.

"పడవ తిరగబడినాక ఐసు పెట్టె మూత దొరికింది. ఇద్దరం పట్టుకున్నాం. తెల్లారేదాకా మాటాడుతనే ఉన్నాడు. సలేస్తంది, సలేస్తంది అన్నాడు. తెల్లారినాక మాటాడ్డం మానేసినాడు. నాను సెయ్యి పట్టుకునే ఉన్నాను. ఎండెక్కినాక..." తన అరచెయ్యి చూసుకున్నాడు. "ఒగ్గీసినాను."

"అప్పటికే?"

"అప్పటికే, అక్కా. నా మీదొట్టు. బతికుండగా ఒగ్గీనేదు."

"మరెందుకు సెప్పనేదు?"

"నన్ను ఆసుపత్రి నించి తెచ్చినప్పుడు అత్తొచ్చి నా కాళ్లు పట్టేసుకున్నాది. 'నువ్వు సూడనేదు కదరా, మా బాబిగాడు పోడం నువ్వు సూడనేదు కదరా' అన్నాది. సూడనేదన్నాను. ఆవిడ మొకం సూసి అనేసినాను. మరి ఎనక్కి తిప్పుకోనేకపోనాను."

వదిన ఇసక గుప్పిట్లోకి తీసి వదిలింది. "నన్నడిగినాడా?"

అతను వల మళ్లీ ఒళ్లోకి లాక్కున్నాడు. "అడిగినాడు" అన్నాడు ధర్మేంద్ర.

ఆమె లేచి చీర దులుపుకుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇంటికి వచ్చి అమ్మ ఎండబెట్టిన కవ్వళ్ల చేపల్ని తిరగేసింది, కుక్క రాకుండా కర్ర పెట్టుకుని కాపలా కూర్చుంది. పక్కన కూర్చున్న నాతో మాత్రం "అత్తకి నువ్వు సెప్పకు. సెప్పాలంటే నానే సెప్తాను" అంది.

చెప్పలేదు. మే నెలంతా ఆ ఇంట్లో మేం ముగ్గురం తిరిగాం, అమ్మ ఒక్కతే అన్న వస్తాడన్నట్టు మాట్లాడేది. వదిన "ఊఁ" అనేది. అంతకు ముందు కూడా ఊఁ అనేదే గాని, ఇప్పుడు ఆ ఊఁ వింటే నాకు అన్నం దిగేది కాదు. క్లాసుకి జనం పలచబడ్డారు. అసిరయ్య తాత మాత్రం రోజూ వచ్చి, గాలి బాగా తగులుతుందని ముందు వరసలో కునికేవాడు. వదినా, ధర్మేంద్రా మళ్లీ రాక ఖాళీగా ఉన్న ఆ రెండు కుర్చీలూ నేను తీయించలేదు.

నెలాఖర్లో నౌపడ సంత నుంచి అమ్మ పరుగులాంటి నడకతో వచ్చింది. విజయనగరం వైపు ఊళ్ల వాళ్లు కొందరు బంగ్లాదేశ్ జైల్లోంచి విడుదలై వచ్చారట, ఎవరో చెప్పారు. గంప దించకుండానే మొదలుపెట్టింది.

"ఈశ్వరీ, రేపు పొద్దున్నే ఎల్దాం. ఆల్లనడుగుదాం, మావోడ్ని ఎవులైనా సూసినారేమో. ఫొటో తియ్యి. ఆ పచ్చ సీర కట్టుకో, అలగ మాసిపోయినట్టు రాకు."

వదిన పొయ్యి దగ్గర నుంచి లేచింది. "నాను రాను అత్తా."

"ఏటే?"

"నాను రాను. మీరూ ఎల్లొద్దు." దగ్గరకు వచ్చి అమ్మ నెత్తి మీద గంప తనే దించింది. దించి, అమ్మ చేతులు అలాగే పట్టుకుని, "ఆయన మరి నేరు, అత్తా" అంది. ధర్మేంద్ర చెప్పినదంతా చెప్పింది. చలేసిందన్న మాట ఒక్కటి మాత్రం చెప్పలేదు. అది నేను గమనించాను.

అమ్మ కదలకుండా వింది. నేను పరుగెత్తి నీళ్లు తెచ్చాను. అమ్మ గ్లాసు తీసుకోలేదు. వదిన వైపే చూస్తోంది.

"ఆడు సెప్పినాడా?"

"ఊఁ."

"ఇన్నాళ్లు నోరు మూసుకున్నోడు, నాకు సెప్పనోడు, కన్నదాన్ని, నాకు సెప్పనోడు, నీకు సెప్పినాడా?"

"అత్తా..."

"నీకూ ఆడికీ మజ్జిన ఏటున్నాదే?"

పొయ్యి మీద అన్నం పొంగుతోంది. ఎవరమూ దించలేదు.

"అమ్మా, నాను కూడా అక్కడే ఉన్నాను. నా ముందే సెప్పినాడు" అన్నాను. అమ్మకి నా మాట చేరలేదు. ఆమె గొంతు పెరిగిపోయింది. నాకు మొగుడు కావలసినవాణ్ని లాక్కుందనీ, తన కొడుకుని నోటితో చంపేసి దారి చూసుకుంటోందనీ, వీధి వాళ్లు తలుపుల్లోకి వచ్చేలా అరిచింది. ఆ మాటలన్నీ ఇక్కడ రాయలేను. అలాంటి మాటలు అమ్మ నోట అంతకు ముందు వినలేదు. తరవాతా వినలేదు.

వదిన ముందు అన్నం దించింది. గంజి వార్చింది. తరవాత లోపలికెళ్లి సంచీలో నాలుగు చీరలు పెట్టుకుంది. "వదినా, అమ్మ సంగతి నీకు తెలీదా, కోపం" అని సంచీ పట్టుకున్నాను. నా చెయ్యి మెల్లగా తీసేసింది.

"కోపం కాదులే హేమా. ఆవిడికి ఎవులో ఒకరి మీద పడాల. నామీద పడ్డాది." గుమ్మం దగ్గర అమ్మతో "ఎల్లొస్తానత్తా" అంది. అమ్మ గోడ వైపు తిరిగి ఉంది. ఆటో ఎక్కి కళింగపట్నంలో తన అన్న పృథ్వీరాజ్ ఇంటికి వెళ్లిపోయింది.

మర్నాడు అమ్మ ఒక్కతే విజయనగరం వెళ్లింది. నేను వస్తానన్నా వద్దంది. సాయంత్రానికి వచ్చింది. ఏమడిగిందో, వాళ్లేమన్నారో చెప్పలేదు. కాళ్లు కడుక్కుని, ఫొటో తీసి యథాస్థానంలో పెట్టి, పడుకుంది.

జూన్‌లో నిషేధం అయిపోయింది. గంగమ్మకి పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయలు కొట్టి, పడవలు నీళ్లలో దించారు. ఊరంతా ఒడ్డునే. అమ్మ వెళ్లలేదు. ఇంట్లో కూర్చుని, ఒడ్డు నుంచి వచ్చే డప్పుల మోత వింటూ ఉంది. నా స్కూలు తెరిచారు. క్లాసు ఎత్తేశాను.

జూలై చివర్లో మావాళ్లు చాలామంది గుజరాత్ బోట్ల మీదకి పనికి పోతారు. వెరావల్ వెళ్లేవాళ్లలో ధర్మేంద్ర కూడా ఉన్నాడని విన్నాను. ఆ మాట అమ్మ కూడా విన్నట్టుంది. ఆదివారం పొద్దున చేపలు తోముతూ, తల ఎత్తకుండా, "ఆడ్ని ఓపాలి రమ్మను" అంది.

అతను వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. అమ్మ పీట వేసింది. కూర్చున్నాడు. అమ్మ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఎదురుగా కూర్చుంది. నేను తిట్లకి సిద్ధపడి ఉన్నాను. అమ్మ ఒక్క ప్రశ్నే అడిగింది.

"సలేసిందేట్రా ఆడికి?"

ధర్మేంద్ర కళ్లెత్తి ఒకసారి నన్ను చూశాడు.

"నేదత్తా. నిద్దరోయినట్టే ఎల్లిపోనాడు."

అమ్మ తల ఊపింది. చాలాసేపు ఊపుతూనే ఉంది. "ఆ గుంటని నానేటన్నానో తెల్సా నీకు?" అంది చివరికి.

"తెల్సత్తా."

"నిన్నూ కలిపే అన్నాను."

"తెల్సు."

అమ్మ లేచి కంచంలో అన్నం పెట్టింది, చేపల పులుసు పోసింది. "తినెల్లు. దూరం పోతన్నావు" అంది. అతను ముద్ద కలుపుతూ ఏడ్చాడు. తిన్నాడు. వెళ్లేటప్పుడు నాతో "ఎల్తన్నాను హేమా" అన్నాడు. ఏదో ఒకటి అనాలని నాకూ ఉంది. క్లాసులో దిద్దడం తప్ప, అన్న పోయినప్పట్నుంచీ అతనితో మాట్లాడని దాన్ని. "జాగ్రత్త" అన్నాను, అంతే. అతను ఇప్పుడు ఏడాదికోసారి వస్తాడు. వెరావల్‌లోనే మనవాళ్ల పిల్లని చేసుకున్నాడు.

శ్రావణంలో అన్నకి దినకార్యం పెట్టారు. శవం లేదు కాబట్టి ఒడ్డున ఇసకలో ఒక చొక్కా పరిచారు. వదినని తీసుకురమ్మని అమ్మ నన్ను కళింగపట్నం పంపింది. వస్తుందో రాదో అనుకున్నాను. మాట వినగానే చెప్పులేసుకుంది. దారంతా నా స్కూలు గురించే అడిగింది.

మా ఆచారం ప్రకారం ఆడవాళ్లు నలుగురూ చుట్టూ చేరి గాజులు పగలగొట్టాలి. గురమ్మ పిన్ని రాయి పట్టుకుని ముందుకు వచ్చింది. అమ్మ అడ్డం వచ్చింది.

"ఎవులూ ముట్టుకోకండి."

గిన్నెలో కొబ్బరినూనె తెచ్చి వదిన చేతులకి తనే రాసింది. ఒక్కొక్క గాజూ, ఎముక దగ్గర నొప్పెట్టకుండా, మెల్లగా తిప్పుతూ తీసింది. ఒక్కటీ పగల్లేదు. వదిన అమ్మ తల వైపే చూస్తూ కూర్చుంది. ఇద్దరూ మాట్లాడుకుంటారని నేనూ, గురమ్మ పిన్నీ, అందరం కాసేపు కాచుకుని చూశాం.

భోజనాలయ్యాక వదిన బయలుదేరింది. ఉండమని అనడానికి మాకు నోరు లేదు. వాళ్లన్న ఏదో సంబంధం చూస్తున్నాడని అప్పటికే మాకు తెలుసు. అమ్మ కూడా రోడ్డు దాకా వచ్చింది. ముగ్గురం బస్సు కోసం నిలబడ్డాం. అమ్మ రెండు మూడుసార్లు ఆమె వైపు తిరిగింది. పైట సరిచేసుకుంది. బస్సు వచ్చేసింది. వదిన ఎక్కేసింది.

బస్సు మలుపు తిరిగాక కూడా అమ్మ అక్కడే నిలబడి ఉంది.

"పద అమ్మా."

"ఫోను కలుపు" అంది.

కలిపి ఇచ్చాను. అమ్మ రెండు చేతులతో పట్టుకుని చెవికి ఆనించుకుంది. అవతల వదిన "ఏటత్తా?" అనడం నాకు వినబడింది. అమ్మ పెదాలు కదిలాయి. రోడ్డు అవతల ఉప్పు మడుల వైపు చూసింది.

"సీటు దొరికిందేటి?" అంది.

"దొరికినాది."

"కిటికీ పక్కనేనా?"

"ఊఁ."

"సరే అయితే" అని ఫోను నా చేతిలో పెట్టేసి, కొంగు నోట్లో కుక్కుకుని, ఇంటి వైపు గబగబా నడిచిపోయింది.

పెట్టేద్దామని ఫోను తీసి చూశాను. వదిన ఇంకా లైన్లోనే ఉంది. చెవి దగ్గర పెట్టుకున్నాను. బస్సు చప్పుడూ, గాలీ, కండక్టరు కేకలూ వినిపిస్తున్నాయి. ఆమె ఏమీ అనడం లేదు. పెట్టేయడమూ లేదు. అమ్మ అప్పటికే చాలా దూరం వెళ్లిపోయింది.